నావపై వంటగ్యాసు

విశాఖపట్నం, కాకినాడ రేవుల నుండి సముద్రంపైకి వెళ్ళే మరపడవలు కొన్ని పది పదిహేను రోజుల వరకు తిరిగి రావు. అందులోని వారికి అన్నం, పులుసు, తేనీరు అన్నీ పడవలోనే సిద్ధం కావలసి ఉంటుంది. ఆ వంట నేడు చాలా పడవలలో గ్యాసు పొయ్యి మీదనే సాగుతున్నది. మన ఇళ్ళలో ఉండే సిలిండరు వంటిదే అక్కడా ఉంటుంది. అయితే ఇంటిలో నేర్చిన జాగ్రత్తలు నావలో చాలవు. ఎందువల్ల చాలవో తెలియాలంటే తరగతిలో చదివిన పాఠాన్ని ఒక్కసారి నావలోనికి తీసుకొని పోవాలి.

వంటగ్యాసు ముఖ్యంగా ప్రొపేను, బ్యుటేను అనే రెండు వాయువుల మిశ్రమం. గాలితో పోల్చితే ప్రొపేను ఒకటిన్నర రెట్లు, బ్యుటేను రెండు రెట్లు బరువైనవి. కాబట్టి బయటపడిన గ్యాసు పైకి లేవదు. నేలను పట్టుకొని పారుతుంది. ఇంటిలోనైతే గడప దాటి, తూము దాటి వీధిగాలిలో కలిసిపోయే అవకాశం ఉన్నది. నావకు అట్టి తూము లేదు. నీరు లోనికి రాకుండా బిగించిన చెక్కలే గ్యాసును బయటికి పోనీయవు. కారిన గ్యాసు మెట్లు దిగి, పలకల సందుల గుండా పోయి, ఊటనీరు చేరే అడుగు పల్లంలో నిలుస్తుంది. ఇంజను, బ్యాటరీలు తరచుగా ఉండేదీ ఆ ప్రక్కనే.

ఎంత గ్యాసు ప్రమాదకరం? గాలిలో సుమారు 2 నుండి 9 శాతం వరకు గ్యాసు కలిసినప్పుడు ఆ మిశ్రమం నిప్పురవ్వ తగిలితే అంటుకుంటుంది. ఒక ఘనపు మీటరు గ్యాసు బరువు సుమారు 2.3 కిలోలు. దీనిని బట్టి 14.2 కిలోల సిలిండరు 6 ఘనపు మీటర్ల వాయువును ఇస్తుంది. అది 300 ఘనపు మీటర్ల గాలిని మండే మిశ్రమంగా మార్చగలదు. సిలిండరంతా కారనక్కరలేదు. 100 గ్రాములు కారినా 2 ఘనపు మీటర్ల గాలి, అంటే ఒక మనిషి పడుకొనే పాటి అర, మందుగుండు కొట్టుగా మారుతుంది. విద్యార్థులు ఈ లెక్కను తామే వేసి చూచుకొనవచ్చు.

వాసన వచ్చి తెలుస్తుంది కదా అనవచ్చు. గ్యాసుకు స్వతహాగా వాసన లేదు. మెర్కాప్టాను అనే ద్రవ్యాన్ని అందుకోసమే కలుపుతారు. కాని చేపలు, డీజిలు కలిసి కంపుకొట్టే చోట ముక్కును నమ్మడం సాహసమే. పైగా గ్యాసు అడుగున నిలుస్తుంది, ముక్కు అయిదడుగుల ఎత్తున ఉంటుంది.

అందుచేత మొదటి నియమం సిలిండరు ఉండే చోటును గురించినది. అది డెక్కు పైన గాలి ఆడేచోట, నిటారుగా, ఊగిసలాటకు పడకుండా పట్టీతో బిగించి ఉండాలి. పెట్టెలో పెడితే దాని అడుగున రంధ్రం ఉంచి, కారిన గ్యాసు నావ వెలుపలికి, నీటిమట్టానికి పైన, జారిపోయేటట్లు అమర్చాలి. ఈ ఒక్క రంధ్రం తక్కిన జాగ్రత్తలన్నిటికంటె విలువైనదని నా అభిప్రాయం.

ఉప్పుగాలి ఇత్తడిని, ఇనుమును తింటుంది. ఇంజను అదురు బిగింపులను వదులు చేస్తుంది. కావున ఐ.ఎస్.ఐ. ముద్ర గల గొట్టాన్నే వాడి, పగుళ్ళు కనిపించిన వెంటనే గడువు రాకున్నా మార్చాలి. సిలిండరు మార్చినప్పుడెల్లా వాల్వులోని రబ్బరు ఉంగరాన్ని చూచి, అతుకులకు సబ్బునీరు పూయాలి. బుడగ లేస్తే కారుతున్నట్లే. అగ్గిపుల్లతో పరీక్షించేవారు ఇంకా ఉన్నారంటే ఆశ్చర్యమే. వంట ముగిసినప్పుడు ముందు రెగ్యులేటరును కట్టి, గొట్టంలో మిగిలిన గ్యాసు మండిపోయిన పిమ్మట పొయ్యి మరను త్రిప్పడం మంచిది. అల తాకిడికి గిన్నె దొర్లి మంట ఆరితే గ్యాసు కారుతూనే ఉంటుంది. గిన్నెను పట్టి ఉంచే కమ్మి, మంట ఆరగానే గ్యాసును తానే ఆపే అమరిక గల పొయ్యి ఇక్కడ అవసరం.

వానకు తలుపులు మూసి వండడం వేరొక అపాయం. గాలి చాలక నీలిమంట పసుపుబారితే కార్బన్ మోనాక్సైడు పుడుతుంది. దానికి వాసన లేదు; రక్తంలో ప్రాణవాయువు స్థానాన్ని అది ఆక్రమిస్తుంది.

నావ నడిపేవానిని మనవారు సరంగు అంటారు. ఫారసీలో దళపతి అని అర్థమిచ్చే ‘సర్‌హంగ్’ నుండి వచ్చిన మాట; ఉర్దూ, తెలుగు రెండూ వినిపించే మన కళాశాలలో చెప్పదగినది. గ్యాసు కారినదని తెలిసినప్పుడు సరంగు ఆజ్ఞ నిజంగా దళపతి ఆజ్ఞ వలె పనిచేయాలి. ఇంజను కదిలించరాదు. ఏ స్విచ్చినీ వేయరాదు, ఆర్పరాదు. విద్యుత్తు పంపును ముట్టరాదు. దాని రవ్వ చాలు. రెగ్యులేటరు కట్టి, మూతలన్నీ తెరచి, అందరూ పైకి రావాలి. అడుగున నిలిచినదాన్ని చేతిపంపుతో నీటిని తోడినట్లే తోడవచ్చు.

2023 నవంబరు 19 రాత్రి విశాఖ చేపల రేవులో పదుల కొద్దీ పడవలు తగులబడ్డాయి. నిప్పు ఎలా పుట్టినా, పడవలలోని డీజిలు, పేలిన సిలిండర్లు దానిని ఆర్పడం కష్టం చేశాయి. రేవులో నావలు ప్రక్క ప్రక్కనే కట్టి ఉంటాయి. రేవు చేరిన నావలో వంట లేని వేళ సిలిండరు నుండి రెగ్యులేటరును ఊడదీసి, మూత బిగించి ఉంచడం ఒక్క నిమిషం పని.