చేప చావలేదు, మరి నీళ్లు మంచివేనా?



మా పాలకుర్తి చుట్టుపక్కల చెరువుల్లో, ఎండాకాలం నీళ్లు అడుగంటినప్పుడు, ఒక్కొక్కసారి తెల్లవారేసరికి చేపలు వెల్లకిలా తేలి కనబడతాయి. గట్టు మీద చేరినవాళ్లు వెంటనే అనే మాట ఒకటే: "ఎవరో మందు కలిపిండ్రు!"

ఒకసారి ఈ సంగతి తరగతిలో మాట్లాడుకుంటుండగా తొమ్మిదో తరగతి అమ్మాయి లేచి అడిగింది. "సార్, చేనుకు కొట్టేది మందే, జ్వరానికి మింగేది మందే. మరి మనం మింగే గోలీలు చెరువుల పడితే చేపలు చస్తయా?"

మంచి ప్రశ్న. దీనికి "చస్తాయి" అనో "చావవు" అనో ఒక్క ముక్కలో జవాబు చెప్పరాదు. ముందు మనమే రెండు ఎదురు ప్రశ్నలు వేయాలి. ఎంత మందు? ఎంతసేపు?

ఎంత? ఎంతసేపు?

కూరలో చిటికెడు ఉప్పు వేస్తే రుచి. దోసెడు వేస్తే నోట పెట్టలేం. ఏ పదార్థమైనా విషమా కాదా అన్నది దాని మోతాదును బట్టి ఉంటుందని 16వ శతాబ్దంలోనే పారాసెల్సస్ అనే స్విట్జర్లాండ్ వైద్యుడు చెప్పాడు.

మనం మాత్రను ఒక్కసారి మింగుతాం. చేప సంగతి వేరు. అది మందు కలిసిన నీటిలోనే రాత్రింబవళ్లు ఉంటుంది. ఆక్సిజన్ కోసం ఆ నీటినే మొప్పల మీదుగా పంపుతూ ఉంటుంది. కావున చేప విషయంలో మనం చూడవలసింది నీటిలో మందు గాఢత. అనగా ఒక లీటరు నీటిలో ఎన్ని మిల్లీగ్రాముల మందు ఉన్నది అనేది.

తొంభై ఆరు గంటల పరీక్ష

మందులు, రసాయనాలు చేపలకు కొద్దిరోజుల్లో ఎంత హాని చేస్తాయో తెలుసుకోవడానికి ప్రపంచమంతటా ఒక పరీక్ష వాడుకలో ఉంది. ఆర్థిక సహకార, అభివృద్ధి సంస్థ 1981లో దీనికి నియమాలు ప్రకటించింది. పరీక్షశాలలో దీనిని ఎలా చేస్తారో చూడండి.

ఒకే జాతి, ఇంచుమించు ఒకే పరిమాణం గల ఆరోగ్యమైన చేపలను తీసుకుంటారు. మన దేశపు నీళ్లలో పుట్టి పెరిగే చిన్న చారల చేప, అనగా జీబ్రా చేప, ఇందుకు ఎక్కువగా పనికి వస్తుంది. చేపలను ముందుగా కొన్ని రోజులు పరీక్షశాల నీటికి అలవాటు చేస్తారు. తరువాత కనీసం ఐదు తొట్లలో ఐదు రకాల గాఢతలతో మందు కలుపుతారు. ఒక్కొక్క తొట్టిలో కనీసం 7 చేపలు ఉండాలి. 24, 48, 72, 96 గంటలకు తొట్లను పరిశీలించి, ఎన్ని చేపలు చనిపోయాయో రాసుకుంటారు. మొప్పల కదలిక ఆగిపోయి, తోక మొదట తాకినా చలనం లేకుంటే చేప చనిపోయినట్లు లెక్క.

ఈ ఐదింటి పక్కన ఆరో తొట్టి కూడా ఉంటుంది. అందులో మందు కలపరు. మిగిలిన ఏర్పాట్లన్నీ ఒకటే. దీనిని పోలిక తొట్టి అందాం. మందు లేని తొట్టి దేనికి అనుకుంటున్నారా? మందు లేకుండానే ఈ తొట్టిలో చేపలు చనిపోతే, తప్పు మందుది కాదు. నీటిదో, జబ్బుదో, మన పనితనానిదో అయి ఉంటుంది. అందుకే పోలిక తొట్టిలో నూటికి పదికి మించి చేపలు చనిపోతే ఆ పరీక్ష మొత్తం చెల్లదు. నీటిలో కరిగిన ఆక్సిజన్ కూడా, ఆ నీరు పట్టగలిగిన దానిలో 60 శాతానికి తగ్గకూడదు.

ఇప్పుడు మన చెరువు గట్టు దగ్గరికి రండి. వేడి నీటిలో ఆక్సిజన్ తక్కువగా కరుగుతుంది. పగలు ఆక్సిజన్ ఇచ్చే నాచు, నీటి మొక్కలు రాత్రిపూట దానిని వాడుకుంటాయే గాని ఇవ్వవు. అందువల్ల తెల్లవారుజామున నీటిలో ఆక్సిజన్ బాగా తగ్గిపోతుంది. ఎవరూ ఏ మందూ కలపకుండానే చేపలు ఊపిరాడక చనిపోవచ్చు. నిజంగానే ఎవరైనా కలిపి ఉండవచ్చు కూడా. నీటిని పరీక్షించకుండా పక్కవాడి మీద నేరం మోపడం మాత్రం తగదు.

లెక్క వేద్దాం

తొట్లలో గాఢతలను 10, 20, 30 అని కూడికతో పెంచరు. 10, 20, 40, 80, 160 అని రెట్టింపు చేస్తూ పోతారు. మీరు పదో తరగతిలో చదివే గుణశ్రేఢి ఇదే. ఒక్కొక్క తొట్టిలో 10 చేపలు ఉంచితే 96 గంటల తరువాత ఫలితాలు ఇలా వచ్చాయని అనుకుందాం. ఇవి లెక్క కోసం ఊహించిన అంకెలు మాత్రమే.

పోలిక తొట్టి: 0 మరణాలు
లీటరుకు 10 మిల్లీగ్రాములు: 0
20 మిల్లీగ్రాములు: 1
40 మిల్లీగ్రాములు: 4
80 మిల్లీగ్రాములు: 8
160 మిల్లీగ్రాములు: 10

సగం చేపలను చంపే గాఢత ఎంత? 40 దగ్గర 4 చనిపోయాయి, 80 దగ్గర 8 చనిపోయాయి. 5 చనిపోయే గాఢత ఈ రెండింటి మధ్య ఉండాలి. 4 నుండి 8కి ఉన్న దూరంలో 5 నాలుగో వంతు దగ్గర ఉంది. మనం గాఢతను రెట్టింపు చేస్తూ వచ్చాం కావున, 2కు వర్గమూలం తీసి (1.414), దానికి మళ్లీ వర్గమూలం తీయాలి (1.189). దీనిని 40తో గుణిస్తే 47.6 వస్తుంది. అనగా సుమారు 48 మిల్లీగ్రాములు. సగం చేపలను చంపే ఈ గాఢతను శాస్త్రజ్ఞులు ఎల్.సి.50 అంటారు.

గుర్తుంచుకోండి, ఈ అంకె ఎంత చిన్నదైతే విషం అంత పెద్దది! 96 గంటల ఎల్.సి.50 లీటరుకు 1 మిల్లీగ్రాము, లేదా అంతకు తక్కువ ఉంటే ఆ పదార్థం నీటి జీవులకు అత్యంత విషపూరితం. 1 నుండి 10 వరకు విషపూరితం. 10 నుండి 100 వరకు హానికరం. మన లెక్కలోని మందు మూడో వర్గంలోకి వస్తుంది.

పటాన్‌చెరు చెప్పిన పాఠం

ఇంతవరకు పరీక్షశాల ముచ్చట. ఇక నిజమైన వాగు సంగతి చూద్దాం. హైదరాబాదు పక్కన ఉన్న పటాన్‌చెరు ప్రాంతం మందుల తయారీకి పేరు పొందింది. సుమారు 90 మందుల కర్మాగారాల మురుగునీరు అక్కడ ఒక ఉమ్మడి శుద్ధి కేంద్రానికి చేరేది. శుద్ధి చేసిన నీటిని ఇసకవాగులోకి వదిలేవారు. ఇసకవాగు నక్కవాగులో, నక్కవాగు మంజీరలో, మంజీర గోదావరిలో కలుస్తాయి.

స్వీడన్ దేశపు గోథెన్‌బర్గ్ విశ్వవిద్యాలయానికి చెందిన జోకిమ్ లార్సన్, ఆయన సహచరులు ఆ శుద్ధి కేంద్రం నుండి బయటికి వచ్చే నీటిని పరీక్షించి 2007లో ఫలితాలు ప్రకటించారు. ఆ నీటిలో సిప్రోఫ్లాక్సాసిన్ అనే యాంటీబయాటిక్ లీటరుకు 31 మిల్లీగ్రాముల వరకు ఉంది. దీని అర్థం తెలియాలంటే ఈ చిన్న లెక్క చేయండి. 500 మిల్లీగ్రాముల మాత్ర ఒకటి తీసుకొని 31తో భాగించండి. సుమారు 16 వస్తుంది. పెద్ద బిందెడు నీళ్లలో ఒక మాత్ర వేసి కలిపినట్లన్నమాట! అది బిందె కాదు, పారే వాగులోకి వెళ్లే నీరు.

ఇప్పుడు అసలు ప్రశ్న. ఆ మందు చేపలను చంపుతుందా? లీటరుకు 100 మిల్లీగ్రాముల వరకు కలిపి చూసినా సిప్రోఫ్లాక్సాసిన్ చారల చేపలను కొద్దిరోజుల్లో చంపలేదు. కేవలం ఈ పరీక్షనే నమ్మితే ఆ నీటిలో ఆ మందు వల్ల భయం లేదని రాసి సంతకం చేయాలి.

కాని ఆ గాఢత కొన్ని రకాల బాక్టీరియాలకు హాని చేసే మోతాదుకు వెయ్యి రెట్లకు పైగా ఉంది. అంత మందులో మామూలు బాక్టీరియా చస్తుంది, మందును తట్టుకోగలిగినది మిగిలి పెరుగుతుంది. రేపు అటువంటి బాక్టీరియా మనిషికి సోకితే, డాక్టరు ఇచ్చిన మాత్ర పని చేయదు. చేప బతికింది గాని, మన మందు చచ్చింది.

ఇంకొక సంగతి. ఆ నీటిలో ఉన్నది ఒక్క మందు కాదు, ఎన్నో మందుల కలగలుపు. ఆ నీటిని 500 రెట్లు పలచన చేసి అందులో కప్ప పిల్లలను పెంచితే వాటి ఎదుగుదల 40 శాతం తగ్గిందని 2009లో వెల్లడైంది.

చావు ఒక్కటే గుర్తు కాదు

కెనడాలో శాస్త్ర పరిశోధన కోసమే కేటాయించిన కొన్ని సరస్సులు ఉన్నాయి. వాటిలో ఒకదానిలో 2001 నుండి 2003 వరకు, గర్భనిరోధక మాత్రల్లో వాడే ఒక హార్మోనును వేసవి నెలల్లో కలిపారు. ఎంత? లీటరుకు 5, 6 నానోగ్రాములు. ఒక మిల్లీగ్రాములో 10,00,000 నానోగ్రాములు ఉంటాయి! ఆ మోతాదుకు చేపలు 96 గంటల్లో చచ్చిపోలేదు. కాని మగ చేపల్లో ఆడ లక్షణాలు కనిపించాయి. అక్కడి ఒక చిన్న చేప జాతిలో కొత్త పిల్లలు లేకుండా పోయి, ఆ జాతి ఆ సరస్సులో ఇంచుమించు అంతరించింది. మందు కలపడం ఆపిన కొన్నేళ్లకు గాని కోలుకోలేదు.

కాబట్టి ఆ అమ్మాయికి నేను చెప్పిన జవాబు ఇది. తొంభై ఆరు గంటల పరీక్ష మంచి పరీక్షే. ఏది వెంటనే చంపుతుందో అది చెబుతుంది. ఏది నెమ్మదిగా చెరుపుతుందో చెప్పలేదు. దానికి పిల్లలు పుట్టాయా, ఎదిగాయా, బాక్టీరియా ఏమైంది అని వేరే పరీక్షలు చేయాలి.

మీరు చేయగల ప్రయోగం

సీసాలో చేపను వేసి, మాత్ర కలిపి చూద్దామని ఎవరూ అనుకోవద్దు. పోలిక తొట్టి లేకుండా, గాఢత కొలవకుండా చేసిన పనికి విజ్ఞానం అని పేరు పెట్టరాదు, అది ఒక ప్రాణిని హింసించడమే. పరీక్షశాలల్లో కూడా ఇప్పుడు పెద్ద చేపలకు బదులు చారల చేప గుడ్లలోని పిండాలను వాడే పద్ధతి 2013 నుండి అమలులో ఉంది.

మనకు ఉల్లిగడ్డ చాలు. లీటరు నీటిలో 8 గ్రాముల ఉప్పు కరిగించండి. అందులో సగం తీసి, అంతే మంచినీరు కలిపితే 4 గ్రాముల గాఢత వస్తుంది. అలాగే 2, 1 గ్రాముల ద్రావణాలు చేయండి. ఐదోది మంచినీరు, అది పోలిక గ్లాసు. ఒక్కొక్క ద్రావణాన్ని మూడు గ్లాసుల్లో పోసి, ఎండిన పాత వేర్లు తీసేసిన చిన్న ఉల్లిగడ్డల అడుగుభాగం మాత్రం నీటికి తగిలేటట్లు పెట్టండి. రోజూ ద్రావణం మార్చండి. నాలుగు రోజుల తరువాత, అనగా 96 గంటలకు, వేర్లను స్కేలుతో కొలవండి. మంచినీటిలో పెరిగిన వేరులో సగం పొడవే పెరిగింది ఏ గాఢతలో?

ఇంట్లో మిగిలిన మాత్రలను చెరువులో, మోరీలో పారవేయకండి. ఎలా పారవేయాలో దగ్గరి ఆరోగ్య కేంద్రంలో అడిగి తెలుసుకోండి.

ఆలోచించండి

1. ఒక్కొక్క ద్రావణానికి ఒక్క ఉల్లిగడ్డ సరిపోదా? మూడు ఎందుకు?
2. పోలిక తొట్టిలో 10 చేపలకు 3 చనిపోతే, మిగిలిన తొట్ల అంకెలతో ఎల్.సి.50 కట్టవచ్చునా?
3. మీ ఊరి చెరువులో చేపలు తేలితే, "మందు కలిపారు" అనే ముందు మీరు కొలవవలసినవి ఏవి?