యూరియా చల్లితే పని ఆపేసే సూక్ష్మజీవులు

మేము తరగతిలో పిల్లలకు చెప్పే ఒక పాఠాన్ని ఈసారి మీకూ చెప్పాలనుకుంటున్నాం.

రామగుండంలో పాత ఎరువుల కర్మాగారం 1999లో మూతపడింది. అక్కడే కట్టిన కొత్తది 2021లో ఉత్పత్తి మొదలుపెట్టింది. ఏడాదికి 12.7 లక్షల టన్నుల యూరియా దాని సామర్థ్యం. గాలిలో 78 శాతం నత్రజనే ఉన్నా, దాన్ని అమ్మోనియాగా మార్చడానికి కర్మాగారంలో ఎంతో వేడి, ఒత్తిడి కావాలి. అదే పనిని చెరువు బురదలోని ఊదారంగు బ్యాక్టీరియా, వరి మడిలోని నీలి ఆకుపచ్చ నాచు ఎండ వెలుగుతోనే చేస్తాయి.

ఈ పని చేసే ఎంజైము పేరు నైట్రోజినేజ్. ఒక్క నత్రజని అణువును మార్చడానికి కనీసం 16 ఏటీపీ అణువులు ఖర్చవుతాయి. అందుకే అవసరం లేనప్పుడు ఈ జీవులు ఆ ఖర్చు పెట్టవు.

రోడోస్పైరిల్లమ్ రూబ్రమ్ అనే ఊదా బ్యాక్టీరియా నత్రజనిని స్థాపిస్తుందని 1949లో గెస్ట్, కామెన్ అనే శాస్త్రవేత్తలు చూపారు. నీటిలో అమ్మోనియా చేరితే, కొద్ది నిమిషాల్లోనే డ్రాట్ అనే ఎంజైము నైట్రోజినేజ్‌కు తాళం వేస్తుంది. వెలుగు పోయినా అంతే. అమ్మోనియా అయిపోయాక, వెలుగు వచ్చాక, డ్రాగ్ అనే మరో ఎంజైము ఆ తాళం తీస్తుంది.

నైట్రోజినేజ్‌కు ఆక్సిజన్ కూడా పడదు. అందుకే అనబీనా అనే నాచులో, నత్రజని కరువైనప్పుడు, సుమారు పది కణాలకు ఒకటి మందపాటి గోడ కట్టుకుని, ఆక్సిజన్ విడుదల మానేసి, నత్రజని పనికే పూనుకుంటుంది. దాన్ని హెటిరోసిస్ట్ అంటారు.

కరీంనగర్ వరి రైతుకు ఇందులో లాభనష్టాల లెక్క ఉంది. మడిలో యూరియా కుమ్మరిస్తే నాచు ఉచితంగా చేసే పని ఆగిపోతుంది. భూసార పరీక్ష చేయించి, యూరియా తగ్గించి, నాట్లయిన పది రోజులకు ఎకరానికి నాలుగు కిలోల నాచు ఎరువు చల్లితే, హెక్టారుకు 20 నుంచి 30 కిలోల నత్రజని కలిసిరావచ్చు. ఆదిలాబాద్ నల్లరేగడిలో సోయా వేసేవారూ గమనించాలి. సోయా వేరు బుడిపెల్లోని బ్యాక్టీరియా వేరే జాతిది, దానికి వెలుగుతో పనిలేదు. అయినా యూరియా ఎక్కువైతే ఆ బుడిపెలూ తగ్గిపోతాయి.

ఈ పాఠాన్ని మేము నల్లబల్ల మీద బొమ్మ గీసి చెబుతున్నాం. బడిలో ఒక మంచి సూక్ష్మదర్శిని ఉంటే, రైతుబిడ్డ తన మడి నీటిచుక్కలోనే హెటిరోసిస్ట్‌ను చూస్తాడు. చూసినది ఇంటికెళ్లి నాన్నకు చెబుతాడు. మీ సాయంలో దీనికీ కొంత చోటివ్వాలని మా మనవి.