మూలప్రతుల కోశము – ఏది ఉంచవలెను, ఏది తుడువవలెను

సాఫ్ట్‌వేరును సిద్ధరూపమున తెచ్చుకొనుట ఒక పద్ధతి. దాని సోర్స్ కోడును, అనగా మూలప్రతిని తెచ్చుకొని, మన కంప్యూటరుపైననే నిర్మించుకొనుట మరియొక పద్ధతి. జెంటూ లినక్స్ ఈ రెండవ పద్ధతికి పేరుపొందినది. అందలి పోర్టేజ్ అను సాధనము ప్రతి ప్యాకేజీ మూలప్రతిని నెట్ నుండి దించి, డిస్ట్‌ఫైల్స్ అను ఫోల్డరులో దాచి, పిమ్మట నిర్మాణము ఆరంభించును. మరల అదే ప్యాకేజీని కట్టునపుడు దించుకొను పని ఉండదు. గాలివానకు కరెంటు, నెట్ రెండును కలిసియే పోవు పామూరులో ఈ కోశము విలువ మన విద్యార్థులకు వేరుగా చెప్పనక్కరలేదు.

అయితే కోశము నిండును. డిస్కులో చోటు లేదన్న హెచ్చరిక చూచి, ఒకనాడు మేము ఆ ఫోల్డరులోని సర్వమును తుడిచివేసితిమి. నాలుగు దినముల తరువాత ఒక పాత ప్యాకేజీని తిరిగి కట్టబోగా, దాని మూలప్రతి ఉండిన సైటు మూతపడియున్నది. ఎంత వెదకినను దొరకలేదు. తప్పు మాదే. చోటెంత మిగులునని లెక్కించితిమి గాని, ఇది మరల దొరకునా అని ఆలోచింపలేదు.

ఈ పనికై జెంటూలో ఈక్లీన్ అను సాధనము కలదు. పోర్టేజ్ జాబితాలో ఇంకను ఉన్న వెర్షనుల మూలప్రతులను అది మామూలుగా ముట్టదు. ‘డిస్ట్రక్టివ్’ అను ఐచ్ఛికము వాడినచో, ప్రస్తుతము కంప్యూటరులో స్థాపించియున్న వెర్షనులవి మాత్రమే మిగిల్చును. లైసెన్సు నిబంధనల వలన చేతితో దించుకొనవలసిన ఫైళ్లు కొన్ని ఉండును. వానిని కాపాడుటకు వేరొక ఐచ్ఛికము ఇయ్యవలెను. తొందరలో దీనినే మరతురు.

దాచిన ప్రతి అసలైనదేనా? వెలిగొండలకు ఆవల కడపలో బ్రౌన్ దొర ఒకే కావ్యమునకు పలు ప్రతులు తెప్పించి, పండితులచే పోల్చి చూపించెను. పోర్టేజ్ పోల్చునది ఫైలు పరిమాణమును, చెక్‌సమ్‌లను. మేనిఫెస్ట్ అను పట్టికలో వ్రాసియున్న గుర్తుతో ఒక్క బైటు సరిపోకున్నను నిర్మాణము ఆగును. 2023 జనవరి 30న గిట్‌హబ్‌లో ఫైళ్లను కుదించు విధానము మారగా, లోపలి కోడు మారకున్నను చెక్‌సమ్‌లు మారి, ఎందరి నిర్మాణములో ఆగిపోయినవి. ఆ మార్పును నాడే వెనుకకు తీసికొనిరి. పాత ఫైలు కోశములో ఉన్నవారికి ఆ చిక్కు తగులలేదు.

కాని చెక్‌సమ్ చెప్పునది ‘ఇది ఆ ఫైలే’ అని మాత్రమే, మంచిదని కాదు. 2024 మార్చిలో ఎక్స్‌జెడ్ 5.6.0, 5.6.1 వెర్షనుల మూలప్రతులలో దొంగదారి బయటపడినది. వాని గుర్తులన్నియు సరిపోయినవే. అట్టివానిని కోశమున ఉంచరాదు.

ల్యాబులో యంత్రమునకొక కోశము అనవసరము. డిస్ట్‌డిర్ అను అమరికను అన్ని యంత్రములలోను ఒకే ఉమ్మడి ఫోల్డరునకు చూపినచో, ఒకరు దించినది అందరికి పనికివచ్చును. తుడుచు అధికారము మాత్రము ఒక్కరి చేతిలోనే ఉండవలెను. ఆ ఫైలు తన యంత్రమునకు అక్కరలేకున్నను పక్క యంత్రమునకు కావలసియుండవచ్చును.