రొదలో మునిగిన పాట

కాలుష్యమనగానే పొగగొట్టాలు, మురుగుకాలువలు స్ఫురించడం సహజం. కంటికి కనిపించని, చేతికి అంటని కాలుష్యం మరొకటి కలదు, అది శబ్దం. దానివల్ల మానవునికి కలిగే చెవుడు, నిద్రలేమి గురించి పాఠ్యగ్రంథాలు చెబుతూనే ఉన్నవి. పక్షుల పలుకును, జతకూడే తీరును, సంతానాన్ని అది ఎట్లు మారుస్తున్నదో ఈ వ్యాసంలో పరిశీలింపదలచినాము.

లక్డీకాపూల్ అంటే కర్రవంతెన అని ఉర్దూ విభాగపు మిత్రులకు చెప్పనక్కరలేదు. వంతెన పోయి పేరు మిగిలినది. ఇప్పుడు రహదారి మీద బస్సులు, ఆటోల హారన్లు. 2018 సెప్టెంబరు నుండి వాటిపైన మెట్రో రైలు. ఇక్కడికి కూతవేటు దూరంలోనే బాగ్-ఎ-ఆమ్ ఉన్నది. (కూత వినిపించేంత దూరమని ఆ మాటకు అర్థం, పగటివేళ ఈ కూడలిలో ఆ కొలత చెల్లదు.) కోయిల, గోరింక, పిగిలిపిట్ట వంటివి నగరాన్ని విడువక మన మధ్యనే తిరుగాడుతున్నవి. 1931-32లో సలీం అలీ నైజాం రాజ్యంలో పక్షుల సర్వే జరిపినారు. ఆనాడు పక్షుల జాబితా సరిపోయేది. ఈనాడు దాని ప్రక్కన రొద లెక్క కూడ వ్రాయవలసి ఉన్నది.

మగపక్షి పాటకు ముఖ్యంగా రెండు ప్రయోజనాలు: తన హద్దును చాటడం, ఆడపక్షిని పిలవడం. వాహనాల రొదలోని శక్తి అధికభాగం 2000 హెర్ట్‌జ్‌లకు లోపల, అనగా మంద్రస్థాయిలో ఉంటుంది. కనుక పాటలోని మంద్రస్వరాలు ముందుగా మునిగిపోతవి.

హాలెండులోని లైడెన్ నగరంలో గ్రేట్ టిట్ అనే చిన్నపిట్ట రొద ఎక్కువైన చోట్ల మంద్రస్వరాలను విడిచి పై స్థాయిలో పాడుతున్నట్లు 2003లో వెల్లడైనది. బెర్లిన్‌లో నైటింగేల్ గొంతు పెంచి పాడుతున్నట్లు, వారాంతపు ఉదయాలలో కొంత తగ్గిస్తున్నట్లు 2004లో తెలిసినది. ఉర్దూ గజళ్ళలోని బుల్‌బుల్ ఈ పక్షియే. మన పిగిలిపిట్ట కాదు. ఇంగ్లాండులోని షెఫీల్డులో రాబిన్ పిట్టలు పగటి రొదకు వెరచి రాత్రివేళ పాడుతున్నవట.

ఇదంతా పక్షుల నేర్పని సంతోషించవచ్చునా? కూడదని మా అభిప్రాయం. 2011లో హాలెండు శాస్త్రజ్ఞులు కనుగొన్న విషయం ఆలోచింపదగినది. గుడ్లు పెట్టే కాలంలో ఆడ టిట్‌కు మంద్రస్వరమే ప్రీతికరం. రొదలో వినబడనిది కూడ ఆ మంద్రస్వరమే! మగపిట్ట స్వరం పెంచితే వినబడుతుంది, కాని ఆకర్షణ తగ్గుతుంది. పెంచకుంటే పాట ఆమె చెవికే చేరదు. అదే సంవత్సరపు మరొక పరిశీలనలో, రొద ఎక్కువైన చోట గూళ్ళలో గుడ్ల సంఖ్య తగ్గినట్లు తేలినది. ఒక్క పిట్టయైనా చావలేదు. అయినా వంశం క్షీణించే మార్గం ఏర్పడినది.

నీటి కాలుష్యం తీరు వేరు. పటాన్‌చెరు ప్రాంతపు ఔషధ పరిశ్రమల వ్యర్థజలం శుద్ధి అయిన పిదప కూడ, వేయింటికి రెండు పాళ్ళు కలిసిన నీటిలో తోకకప్పలు సరిగా ఎదగలేదని 2009లో స్వీడన్ శాస్త్రజ్ఞులు ప్రకటించినారు. అట్టి విషం మట్టిలో చేరి చిరకాలం నిలుస్తుంది. శబ్దం అట్లు కాదు, ఆపిన క్షణమే ఆగుతుంది. 2020 లాక్‌డౌన్‌లో శాన్‌ఫ్రాన్సిస్కో నగరపు పిచ్చుకజాతి పక్షి ఒకటి మంద్రంగా, మెల్లగా పాడినది. అయినా ఆ పాట రెండింతల దూరం వినిపించినది.

మన దేశంలో 2000 సంవత్సరపు నిబంధనల ప్రకారం విద్యాలయాల చుట్టూ 100 మీటర్లను నిశ్శబ్ద మండలంగా ప్రకటింపవచ్చును. అక్కడ పగలు 50, రాత్రి 40 డెసిబెళ్ళు పరిమితి. పది డెసిబెళ్ళు పెరిగితే శబ్దశక్తి పదిరెట్లవుతుందని మరువరాదు. ఈ అంకెలు మానవుల చెవికోసం ఏర్పడినవి, అయినా పక్షులకు కూడ ఆసరాయే.

కళాశాల కమిటీ పెద్దలకు మా విన్నపం ఒకటి: వార్షికోత్సవపు మైకులను, జనరేటరును చెట్లున్న వైపునకు దూరంగా అమర్చవలెను. పరీక్షలు, కోయిల కూతలు ఒకే ఋతువులో వస్తవి గనుక ఇందులో మనకును లాభమే. జంతుశాస్త్ర విద్యార్థులు మార్చి నుండి జూన్ వరకు ఆదివారం, సోమవారం ఉదయం ఐదున్నరకు, మరల తొమ్మిదింటికి బాగ్-ఎ-ఆమ్‌లో ఒకే చెట్టు క్రింద నిలిచి, వినబడిన కూతలను, డెసిబెళ్ళను వరుసగా వ్రాసిపెట్టవలెను. బెర్లిన్‌లో కనబడిన ఆ వారాంతపు భేదం ఇక్కడ ఉన్నదీ లేనిదీ ఆ పుస్తకమే చెబుతుంది.