దరువుకు తగ్గ దమ్ము

సంగీతం ఆటగాడి మీద రెండు విధాలుగా పనిచేస్తుంది. మొదటిది ఉత్తేజం. వేగమైన దరువు గుండెను, ఊపిరిని చురుకు చేసి మనసును ఉత్తేజపరుస్తుంది. నెమ్మదైన రాగం ఆ ఉత్తేజాన్ని దించుతుంది. రెండోది లయ. అడుగు దరువుతో కలిస్తే కదలికలో వృథా తగ్గుతుంది. 1911లోనే లెనార్డ్ ఏయర్స్ అనే పరిశోధకుడు న్యూయార్క్ ఆరురోజుల సైకిల్ పందెంలో బ్యాండు మోగుతున్నప్పటి వేగం గంటకు 19.6 మైళ్లు, ఆగినప్పుడు 17.9 మైళ్లు అని లెక్కగట్టాడు.

తెలుగు కూలికి ఈ సంగతి కొత్త కాదు. గ్రాంట్ రోడ్ దగ్గరి కామాఠీపురాకు పేరిచ్చిన కామాఠీలు తెలంగాణ ప్రాంతం నుంచి బొంబాయి కట్టడాల పనికి వచ్చినవాళ్లు. దిమ్మిస వేసేచోట, బరువు లాగేచోట పాట ఎత్తుకుని పదిమంది చేతుల్నీ ఒక్కటి చేయడం తెలుగు శ్రమజీవుల పాత విద్య.

అయితే ఉత్తేజం ఎంత పెరిగితే అంత మేలనుకోవడం శుద్ధ తప్పు. హద్దు దాటితే సున్నితమైన పని చెడుతుంది. మనుషులు గోపురంగా నిలబడి ఉట్టి కొట్టే ముంబై దహీహండీలో ఇది కళ్లెదుటే కనిపిస్తుంది. గురుపౌర్ణమి నుంచి గల్లీల్లో సాధన చేసే గోవిందా జట్లకు డీజే ఊపునిస్తుంది. కానీ పై థర్ (అంతస్తు) ఎక్కే కుర్రాడికి కావలసింది నిలకడ. స్పెయిన్‌లోని కతలోనియాలో మనుషులు గోపురంగా నిలబడేటప్పుడు గ్రాల్లా అనే సన్నాయి లాంటి వాద్యం ఊదుతారు. పైకి చూడలేని అడుగువాళ్లకు గోపురం ఎంతవరకు లేచిందో ఆ పాటే చెబుతుంది. మన మండళ్లు కనీసం థర్ కట్టడం మొదలవగానే డీజే ఆపాలి. ఇందులో మొహమాటం పనికిరాదు.

అన్నిటికంటే ఫలితమిచ్చే అలవాటు ఒకటుంది: వార్మప్‌కు ఒకే పాట, రోజూ అదే. నిమిషానికి 120 నుంచి 140 దెబ్బల వేగం చాలా వ్యాయామాలకు సరిపోతుందని పరిశోధకుల మాట. తీన్మార్ డప్పయినా, సినిమా పాటయినా మనసుకు నచ్చాలి. ఆ పాటను రైల్లో వినకూడదు, భోజనం దగ్గర వినకూడదు. అలా కాపాడితే కొన్నాళ్లకు మొదటి దరువుకే ఒళ్లు సిద్ధమవుతుంది. కుర్రాళ్లు చెడగొట్టుకునేది ఇక్కడే. పొద్దస్తమానం చెవిలో పాట మోగిస్తూ, జిమ్‌లో ఊపు రావడం లేదని వాపోతారు. ఒక్క పాటను దాచుకోలేనివాడు ఆఖరి రౌండుకు ఊపిరిని ఏం దాచుకుంటాడు? అయినా దిగులు వద్దు. ఎప్పుడు మొదలుపెట్టినా ఒళ్లు నేర్చుకుంటుంది.

నిద్ర, నీళ్లు, వేళకు తిండి ఎలాగూ తప్పవు. ట్రాఫిక్‌లో పరిగెత్తేవాళ్లు ఇయర్‌ఫోన్లు తీసేయాలి. శ్రమ పతాకస్థాయికి చేరితే ఏ పాటా అలసటను కప్పలేదు. పైగా అంతర్జాతీయ అథ్లెటిక్స్ నియమాల ప్రకారం ట్రాక్ పోటీలో చెవికి పాట పెట్టుకోవడం నిషిద్ధం. కాబట్టి వారానికి ఒక రోజైనా పాట లేకుండా, ఆ లయను మనసులోనే పట్టుకుని సాధన చేయండి.