అరుణకాంతి చికిత్స

సవతి కద్రువకు సంతానం కలగడం చూసి ఓర్వలేని వినత తన రెండు అండాలలో ఒకదానిని కాలం తీరకముందే చిదిపింది. దాని నుండి తొడలు లేని అనూరుడు జన్మించాడు. అతడే సూర్యుని రథసారథి అరుణుడు. ఆంధ్రమహాభారతం ఆదిపర్వంలోని ఈ కథ తెలుగువారికి సుపరిచితం. ఆ అరుణుని వర్ణం గల కాంతి నేడు వైద్యశాలలలోనే కాక అంగళ్లలోనూ చికిత్సాసాధనంగా వెలుగుతున్నది. ముఖానికి తొడుగుకొనే ముసుగులు, తలకు పెట్టుకొనే టోపీలు, గోడకు తగిలించే దీపఫలకాలు దీని రూపాలు. ముడతలు తొలగుతాయని, రాలిన జుట్టు మొలుస్తుందని, కీళ్లనొప్పులు తగ్గుతాయని, నిద్ర బాగా పడుతుందని ప్రకటనలు చెబుతున్నాయి. ఒకే మందు అన్ని రోగాలను కుదుర్చుతుందన్న మాట వినబడినప్పుడు అందులో పాలెంతో నీళ్లెంతో విడదీసి చూడవలసి ఉంటుంది.

ఎరుపునకు వైద్యంతో గల సంబంధం కొత్తది కాదు. పద్నాలుగవ శతాబ్దపు ఆంగ్ల వైద్యుడు జాన్ ఆఫ్ గాడ్స్‌డెన్ మశూచి సోకిన రాకుమారుణ్ణి ఎర్రని వస్త్రాలతో చుట్టించి, పడక చుట్టూ ఎర్రని తెరలు కట్టించాడు. ఈ పాత ఆచారానికి శాస్త్రీయమైన ఆధారం చూపడానికి ప్రయత్నించినవాడు డెన్మార్కులో స్థిరపడిన నీల్స్ ఫిన్సెన్. సూర్యకాంతిలోని నీల, అతినీలలోహిత కిరణాలే మశూచి పొక్కులను చీముపట్టించి మచ్చలు మిగిలిస్తున్నాయని ఆయన భావించాడు. ఎర్రని తెరలతో ఆ కిరణాలను అడ్డగించిన గదులలో రోగులను ఉంచాలని 1893లో సూచించాడు. ఆ సూచనను ఎందరో వైద్యులు ఆదరించారు. కాని తరువాతి పరిశీలనలలో అది నిలువలేదు. మశూచిని అంతమొందించినది ఎర్రని తెర కాదు, టీకా. 1980లో ప్రపంచ ఆరోగ్య సంస్థ ఆ వ్యాధి నిర్మూలనను ప్రకటించింది.

విశేషమేమంటే, ఆ ఫిన్సెనే మరొక కాంతిచికిత్సలో ఘనవిజయం సాధించాడు. ముఖాన్ని వికృతపరిచే చర్మక్షయకు ఆర్కుదీపపు కాంతిని స్ఫటిక కటకాలతో కేంద్రీకరించి, వేడి తగలకుండా నీటితో చల్లబరచి ప్రయోగించాడు. 1896లో కోపెన్‌హాగెన్‌లో ఇందుకొక సంస్థను నెలకొల్పాడు. 1903లో నోబెల్ బహుమతి అందుకొన్నాడు. దీర్ఘవ్యాధిపీడితుడైన ఆ మహనీయుడు మరుసటి ఏడే, నలభైమూడేండ్ల వయస్సులో కన్నుమూశాడు. రెండు పరిశోధనలలోనూ మనిషి ఒక్కడే, శ్రద్ధ ఒక్కటే. రోగుల శరీరాలపై ఫలితం మాత్రం ఒకటి కాలేదు.

ఎర్రని కాంతికి నేటి వైద్యంలో చోటు దొరకడానికి కారణం ఒక అనుకోని సంఘటన. 1960లో కెంపు లేజరు వెలువడింది. బుడాపెస్ట్‌లో ఎండ్రె మెస్టర్ అనే శస్త్రవైద్యుడు లేజరుతో కంతులను నశింపజేయాలని 1967 ప్రాంతంలో ఎలుకలపై ప్రయోగాలు చేశాడు. ఆయన సాధనం చాలా బలహీనమైనది, కంతులు కరగలేదు. అయితే ప్రయోగం కోసం వెండ్రుకలు గొరిగిన చోట, కాంతి సోకిన ఎలుకలకు అవి త్వరగా మొలిచాయి. విఫలమైన ప్రయోగాన్ని పక్కకు నెట్టక, ఆ చిన్న వింతను మెస్టర్ పట్టుకొన్నాడు. తరువాత మానని పుండ్లపై ఇదే కాంతిని ప్రయోగించాడు.

కాంతి కణంలో ఏమి చేస్తుంది? కణానికి కావలసిన శక్తి ఎక్కువగా మైటోకాండ్రియాలో తయారవుతుంది. అక్కడి సైటోక్రోమ్ సి ఆక్సిడేజ్ అనే ఎంజైము సుమారు 630 నుండి 670 నానోమీటర్ల ఎర్రని కాంతిని, 810 నుండి 850 వరకు గల, కంటికి కనిపించని సమీప పరారుణ కాంతిని గ్రహిస్తుందని, దానివల్ల శక్తి ఉత్పత్తి పెరుగుతుందని పలువురు శాస్త్రజ్ఞుల అభిప్రాయం. ఇది బలమైన ఊహయే కాని అన్ని ఫలితాలను వివరించే తుదిమాట కాదు.

ఈ చికిత్సకు గట్టి ఆధారం లభించిన చోటు అందచందాల విపణి కాదు, క్యాన్సర్ వార్డు. కీమోథెరపీ, రేడియేషన్ పొందే కొందరు రోగులకు నోరంతా పుండ్లుపడి గుక్కెడు నీళ్లు మింగడం కూడా నరకమవుతుంది. కొన్ని రకాల చికిత్సలలో ఈ నోటిపూతను నివారించడానికి అంతర్జాతీయ వైద్యమార్గదర్శకాలు అల్పశక్తి కాంతిని సిఫారసు చేస్తున్నాయి. వంశపారంపర్యంగా జుట్టు పలచబడేవారిలోనూ కొంత మేలు కనిపించింది. 2007లో ఒక లేజరు దువ్వెనకు అమెరికా ఆహార, ఔషధ నియంత్రణ సంస్థ విక్రయానుమతి ఇచ్చింది. ఇటువంటి అనుమతికి ముందున్న పరికరాలతో పోలిక చూపితే చాలును. కొత్త మందుకు అడిగేటంతటి రుజువును అడగరు. అమ్మకందారులు ఈ భేదాన్ని ఎక్కడా చెప్పరు.

వారు చెప్పని మరొక సంగతి మోతాదు. చదరపు సెంటీమీటరుకు 50 మిల్లీవాట్ల కాంతి 80 సెకన్లు పడితే 4 జౌళ్ల శక్తి చేరుతుంది. 10 మిల్లీవాట్ల దీపంతో అంత శక్తి చేరడానికి 400 సెకన్లు పడుతుంది. ఎక్కువసేపు వెలిగించుకొంటే ఎక్కువ ఫలితమనుకోవడమూ పొరపాటే. ఒక హద్దు దాటితే మేలు తగ్గుతుందని ప్రయోగశాల పరిశీలనలు తెలుపుతున్నాయి. చర్మంలోని మెలనిన్ కాంతిని గ్రహిస్తుంది గనుక తెల్లని మేనికి కుదిరిన మోతాదు నల్లని మేనికి కుదరకపోవచ్చు.

ఎర్రని కాంతిలో అతినీలలోహిత కిరణాలు ఉండవు. కనుక ఎండలో వలె చర్మం కమిలే భయం లేదు. అయినా కాంతికి చర్మాన్ని సున్నితం చేసే మందులు వాడేవారు, అనుమానాస్పదమైన మచ్చలు గలవారు వైద్యుని అడగకుండా దీనిని వాడరాదు. అన్నిటికంటె జాగ్రత్త పడవలసినది కంటి విషయంలో. కనిపించని పరారుణ కాంతి పడినప్పుడు రెప్ప దానంతట అది మూసుకోదు. చైనాలో పిల్లల హ్రస్వదృష్టి పెరగకుండా రోజూ కొద్ది నిమిషాలు ఎర్రని కాంతిని చూపించే పద్ధతి వ్యాపించింది. కొన్ని పరీక్షలలో అది ఫలించింది కూడా. కాని ఆ పరికరాన్ని ఐదు నెలలు వాడిన పన్నెండేండ్ల బాలికకు రెండు కళ్ల రెటీనాలు దెబ్బతిన్నట్లు 2023లో ఒక నేత్రవైద్య పత్రికలో వైద్యులు వెల్లడించారు. ఆ ఏడే చైనా ప్రభుత్వం ఇటువంటి పరికరాలను అత్యంత కట్టుదిట్టమైన నియంత్రణ గల శ్రేణిలో చేర్చింది. ఆ బాలిక చికిత్స మానివేసిన మూడు నెలలకు చూపు కొంత మెరుగుపడింది.