పందెపు పావురముల ఊపిరి – ఓషధుల తోడు



సాయంకాలమున మన వీధులలో తల యెత్తి చూచినచో మిద్దెలపై పావురముల గుంపులు చుట్లు తిరుగుచు కానవచ్చును. ఉత్తర చెన్నపట్టణమున పావురముల పందెము చిరకాలముగా నున్న వేడుక. పక్షులను దూరపు ఊరికి కొనిపోయి విడుతురు. అధిక వేగమున తన గూడు చేరినది గెలుపొందును.

గత సంవత్సరము మా విద్యార్థి యొకడు తన పావురమునకు ఒక కంట నీరు కారుచుండుట చూచి తులసి కషాయము పట్టెను. రెండు దినములలో కన్ను తేటపడెను. మూడవ దినమున దానిని శిక్షణకై పంపెను. అది తిరిగి రాలేదు. “కషాయము పోసితిని గదా అయ్యా, మఱి యేల రాలేదు?” అని అతడు మమ్మడిగెను. ఆ ప్రశ్నకు ప్రత్యుత్తరముగా ఈ పాఠమును వ్రాయుచున్నాము.

1. పక్షి ఊపిరి తీయు విధము

మనకు ఉదరవితానము కలదు. అది క్రిందికి దిగినప్పుడు ఊపిరితిత్తులు ఉబ్బును, పైకి లేచినప్పుడు ముడుచుకొనును. పావురమునకు ఉదరవితానము లేదు. దాని ఊపిరితిత్తులు చిన్నవి, వీపు ప్రక్కటెముకలకు అంటియుండి దాదాపు కదలనివి. వానికి తోడుగా తొమ్మిది వాయుకోశములు కొలిమితిత్తులవలె పని చేయును.

పీల్చిన గాలిలో అధికభాగము మొదట వెనుకటి కోశములను చేరును. విడుచునప్పుడు అచటినుండి ఊపిరితిత్తులగుండా పోవును. రెండవసారి పీల్చునప్పుడు ముందటి కోశములకు వచ్చి, రెండవసారి విడుచునప్పుడు బయటికి పోవును. ఈ యేర్పాటువలన ఊపిరితిత్తులలో గాలి ఒకే దిశగా ప్రవహించును. పక్షి పీల్చినను విడిచినను క్రొత్త గాలి అందుచునే యుండును. గంటలకొలది ఎగురుటకు కావలసిన ప్రాణవాయువు దానికిట్లు లభించుచున్నది.

అయితే ఈ వరమే అపాయము కూడ. మంచి గాలిని ఇంత చక్కగా గ్రహించు అవయవము చెడుగాలిని సైతము అంత చక్కగానే గ్రహించును. బ్రిటనులోని బొగ్గు గనులలో విషవాయువును కనుగొనుటకై 1986 వఱకు కానరీ పక్షులను వెంట నుంచుకొనుటకు కారణమిదియే.

2. ఊపిరికి శత్రువులు

మొదటి శత్రువు గూటిలోనే పుట్టును. తడిసిన రెట్టనుండి అమ్మోనియా వాయువు వెలువడును. శ్వాసనాళము లోపల నూగువలె నుండు శైలికలు దుమ్మును, క్రిములను పైకి త్రోయుచుండును. అమ్మోనియా వానిని చెఱచును. కావలి పడిపోయిన కోటలోనికి శత్రువు ప్రవేశించినట్లు అప్పుడు రోగములు ప్రవేశించును. క్లమిడియా, మైకోప్లాస్మా మొదలైన సూక్ష్మజీవులు, కొన్ని వైరసులు, చెమ్మగిల్లిన గింజలపై పెరుగు బూజు ఇట్టివే. గొంతులో పసుపుపచ్చని గడ్డలు కట్టించు ట్రైకోమోనాసు అను ఏకకణజీవి కూడ ఊపిరికి అడ్డు తగులును. పలు గూళ్ల పక్షులను ఒకే బుట్టలో క్రిక్కిఱిసి పంపునప్పుడు ఒకదాని రోగము మఱియొకదానికి సులభముగా అంటును.

3. ఓషధులు చేయునది, చేయలేనిది

మన పెరటి మొక్కలను మేము తక్కువచేసి చెప్పుట లేదు. వాములో థైమాల్ అను ద్రవ్యము కలదు. ఐరోపాలో పావురములను పెంచువారు వాడు థైమ్ మొక్కలోనిదియు అదియే. వారు వాడు మఱియొక మొక్క ఒరెగానో. అందలి కార్వక్రాల్ మన వామాకులోను కలదు. ఇవి ప్రయోగశాలలో పెక్కు సూక్ష్మజీవుల పెరుగుదలను అడ్డుకొనును. అడ్డసరములోని వాసిసిన్ ఆధారముగనే, కఫమును పలుచబఱచు బ్రోమ్‌హెక్సిన్ అను ఔషధము రూపొందినది. వెల్లుల్లిని నలిపినప్పుడు అల్లిసిన్ పుట్టును. నలుపకయే ఉడికించినచో అది పుట్టదు.

కాని గాజుపాత్రలో క్రిమిని ఆపినదెల్ల పక్షి దేహములో రోగమును మాన్పజాలదు. పావురము బరువు సాధారణముగా అరకిలోకు లోపే యుండును. మనుష్యుల మోతాదు దానికి తగదు. మితిమీరిన వెల్లుల్లి పక్షి రక్తములోని ఎఱ్ఱకణములను చెఱచును. ప్రాణవాయువును మోయునవి ఆ కణములే గదా! నీలగిరి తైలము, కర్పూరము మొదలగు ఘాటైన వానిని మూసిన గూటిలో ఆవిరి పట్టరాదు. చేదైన కషాయమును మాత్రమే పెట్టినచో పక్షి త్రాగక, ఎండకాలమున దాహముతో కుంగిపోవును. కావున లేత వామాకు నీరు పెట్టదలచినవారు చల్లార్చి పలుచగా పెట్టవలెను. ప్రక్కనే మంచినీరు ఉంచవలెను. మిగిలినదానిని ఆ సాయంకాలమే పాఱబోయవలెను.

4. చేయవలసిన పనులు

గూటికి ఎదురెదురుగా గాలిదారులుండవలెను. ఈదురుగాలి మాత్రము పక్షిపై సూటిగా కొట్టరాదు. రెట్టను ప్రతిదినము తీసివేయవలెను. గింజలు ఎండినవై యుండవలెను. క్రొత్తగా తెచ్చిన పక్షిని కొన్ని వారములు వేఱుగా నుంచవలెను.

ఒక కంట నీరు, ముక్కు మొదట నుండు తెల్లని బుడిపె మాసిపోవుట, రాత్రివేళ గురగుర శబ్దము, కొద్దిసేపు ఎగిరినంతనే నోరు తెఱచి చాలసేపు ఒగర్చుట – వీనిలో ఏది కనిపించినను ఆ పక్షిని వేఱుచేసి పశువైద్యునికి చూపవలెను. ఆయన చెప్పక క్రిమినాశక మందులు వాడరాదు. చెప్పిన మందును నడుమ మానరాదు. పూర్తిగా కోలుకొను వఱకు పందెమునకు పంపరాదు.

5. తల్లిదండ్రులకు మనవి

పావురముల క్లమిడియా రోగము మనుష్యులకును సోకి జ్వరమును, ఊపిరితిత్తుల వాపును కలిగింపగలదు. ఈకల ధూళి, రెట్ట ధూళి ఏండ్ల తరబడి పీల్చిన కొందఱికి ఊపిరితిత్తులు చెడును. కనుక పిల్లలు గూడు శుభ్రపఱచునప్పుడు ముక్కునకు, నోటికి ముసుగు కట్టించుడు. ఎండిన రెట్టను నీటితో తడిపిన పిమ్మటనే గీకించుడు. ఉబ్బసము గల పిల్లలకు ఈ పని అప్పగింపకుడు. జ్వరముతో వైద్యుని కడకు పోయినచో ఇంట పావురములున్నవని తప్పక చెప్పుడు.

ఇక మా విద్యార్థి ప్రశ్నకు వత్తము. కన్ను తేటపడినంతమాత్రమున రోగము పోయినదని చెప్పరాదు. గురుతు మఱుగుపడినది, లోపలి జబ్బు నిలిచియే యుండవచ్చును. అట్టి పక్షిని దూరమునకు పంపుట తగదు. ఈ మాట చెప్పినప్పుడు అతడు చాలసేపు మాటాడలేదు. మఱునాడు గూటి వెనుక చెక్క నొకటి తొలగించి గాలిదారి చేసెను. ఇప్పుడతని మిద్దెపై వామాకు కుండియు కలదు, ప్రతి పక్షి ఊపిరిని గమనించి వ్రాసికొను పుస్తకమును కలదు. ఓషధి తోడు మాత్రమే. పక్షికి మొదటి మందు మంచి గాలి.

అభ్యాసము

1. పీల్చిన గాలి పావురము దేహములో పోవు మార్గమును పటము గీచి చూపుడు.
2. అమ్మోనియా శ్వాసనాళమునకు చేయు హాని యెట్టిది?
3. మీ యింటి చెంత పావురముల గూడున్నచో, అందలి గాలిదారులను గమనించి పది పంక్తులు వ్రాయుడు.